నలభయ్యో రీడింగ్

సాదిక్ పాషా వేలు పెట్టి చూపించిన గుర్తును నవనీత రెండుసార్లు చూసింది. పుస్తకం క్వాంటం మెకానిక్స్. గుర్తు 'సై', ఆ చదువులో మొదటి పేజీ నుంచీ కనిపించే గ్రీకు అక్షరం.

"ఇదేం గుర్తు చెల్లె? త్రిశూలం లెక్కున్నది," అన్నాడతను.

లైబ్రరీలో ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. బయట ఏప్రిల్ ఎండ. పరాచికమేమో అనుకుని నవనీత నవ్వబోయి ఆగింది. సాదిక్ మానేరు విశ్వవిద్యాలయం ఫిజిక్స్ శాఖలో రీసెర్చ్ స్కాలర్. అదే గుర్తును హాస్టల్ గోడ మీద సుద్దముక్కతో గీసి, ఎమ్మెస్సీ క్లాసు మొత్తాన్ని కింద కూర్చోబెట్టుకుని పాఠం చెప్పినవాడు. పరీక్షల ముందు అందరూ ప్రొఫెసర్ దగ్గరికి కాదు, అతని దగ్గరికే పరుగెత్తేవారు.

"ఆట పట్టిస్తున్నవా సాదిక్ అన్నా?"

అతను ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు. "నా పేరు నీకెట్ల తెలుసు?"

ఐదు వారాల క్రితం సాదిక్‌కి మెదడు జ్వరం వచ్చిందని, ఇంటికి పంపించామని డిపార్ట్‌మెంటులో చెప్పారు. ఇవాళే తిరిగొచ్చాడు. మనిషి కాస్త చిక్కాడు, అంతే. చూపులో తేడా లేదు, మాటలో తడబాటు లేదు.

"జ్వరం మనిషిని గిట్ల చేస్తదా?" అంది.

"ఏమో. నాకైతే ఇంటర్ పరీక్షలు నిన్ననే రాసినట్టున్నది. న్యూటన్ సూత్రాలు, లోలకం, వాలుతలం మీద జారే దిమ్మె, గవన్నీ గీత పోకుండ యాదికున్నయ్. దాని తర్వాతనే ఏం లేదు. అమ్మీ పెండ్లి సంబంధాలు చూస్తున్న అంటే నవ్వొస్తున్నది. నాకు పద్దెనిమిదేండ్లే కదా అనిపిస్తది. అద్దంల చూస్తేనేమో ఇరవై ఆరు."

ఎనిమిదేళ్లు. క్లాసికల్ మెకానిక్స్ వరకూ భద్రంగా ఉంది, క్వాంటం మొదలయ్యే చోట బ్లేడుతో కోసినట్టు ఆగిపోయింది. జ్వరం అంత లెక్కగా కోస్తుందా?

అతను పుస్తకం మీదికి వంగినప్పుడు జుట్టు పక్కకు జరిగింది. రెండు చెవుల పైనా రెండు మచ్చలు. రూపాయి బిళ్లంత, గుండ్రంగా, కొలిచి పెట్టినట్టు ఒకే ఎత్తులో.

నవనీత పుస్తకాలు సర్దుకుని లేచింది. బయటికి వస్తుంటే నోటీసు బోర్డు దగ్గర గుంపు కనిపించింది. 'ఫైనలియర్ విద్యార్థులందరూ తమ ప్రాక్టికల్ రికార్డులను ప్రొఫెసర్ ముకుందరావుగారికి స్వయంగా అప్పగించాలి. రికార్డులు తిరిగి ఇవ్వబడవు.'

"దిద్దడం అయిపోయింది, మార్కులు వేసుడు అయిపోయింది. మళ్ల ఎందుకట?" అన్నారెవరో వెనకనుంచి.

అదే ప్రశ్న నవనీతకూ వచ్చింది.

* * *

ఫిజిక్స్ ల్యాబులో వంట అంటే అన్నం, కూర కాదు. రావలసిన జవాబు ముందే తెలుసు కనక, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు రాసేయటం. మరీ బద్ధకస్తులు ఆ శ్రమ కూడా పడరు. సీనియర్ రికార్డు తెచ్చుకుని, కామాలూ కొట్టివేతలతో సహా దించేస్తారు. మొలలోతు నీళ్లలో నడిచేవాడు పంచె తడవలేదంటే ఎంత నిజమో, వంట చేయకుండా ఎమ్మెస్సీ పాసయ్యానన్నా అంతే నిజం.

ఆ వంటకు ఒకే ఒక్క శత్రువు ముకుందరావుగారు. మొదటిరోజు క్లాసులో ఆయన చెప్పిన మాట ఎవరూ మరిచిపోరు: "ఫలితం నచ్చలేదని రీడింగు మార్చేవాడు ఫిజిక్సుకు పనికిరాడు. మనిషిగా కూడా పనికిరాడు." వండిన రికార్డు దొరికితే అందరి ముందూ నిలువునా చించేవారు.

అలాంటి మనిషి ఇవాళ బల్ల వెనక కూర్చుని, ఒక్కొక్క రికార్డునూ భూతద్దం పెట్టి చూస్తూ, మెత్తగా అడుగుతున్నారు.

"ఎవరిది చూసి రాసినా నేను తిట్టను. పేరు చెప్పు, చాలు."

నవనీత వంతు వచ్చింది.

"నీ రికార్డేదమ్మా?"

"సిరిసిల్లల మా ఇంట్ల ఉండిపోయింది సార్. బొమ్మలు గీద్దామని మార్చిల తీసుకపోయిన. మార్కులు వైవాలనే వేసిన్రు కదా అని మళ్ల తేలే."

ఆయన చేతిలో భూతద్దం ఆగింది. "నా చలిగది ప్రయోగం నువ్వు కూడా రాసినవ్ కదా. ఎవరిది చూసి?"

"సొంతంగనే సార్," అబద్ధం చెప్పింది నవనీత.

ఆయన నవ్వారు. రెండేళ్లలో ఆయన నవ్వటం ఆమె చూడటం ఇదే మొదటిసారి. ఆ నవ్వు చూశాక, నిజం చెప్పనందుకు తనను తాను మెచ్చుకుంది. ఆమె దించింది సాదిక్ రికార్డు నుంచే. గది పరిమాణం దగ్గర్నుంచి నలభయ్యో రీడింగు దాకా.

బయట ఓదెలు టీ గ్లాసులు కడుగుతున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ ల్యాబుకు అటెండరు. ప్రొఫెసర్లు మారారు గానీ ఓదెలు మారలేదు.

"ఓదెలన్నా, గా రికార్డులన్నీ ఏడ పెడుతున్రు?"

"పెట్టుడేంది బిడ్డా, వర్క్‌షాపు ఎనక కాలవెడుతున్రు. నేను కాలవెడతా సార్ అంటే కూడ వద్దన్నడు. ఒక్కొక్క కాయితం బూడిదయ్యేదాక నిలవడి చూస్తుండు, పీనుగ కాడ నిలవడ్డట్టు."

"సాదిక్ అన్నకు జ్వరం వచ్చిన్నాడు నువ్వున్నవా?"

ఓదెలు గ్లాసు దించి అటూ ఇటూ చూశాడు. "మార్చి పద్నాలుగు. కరెంటు పోయింది. సాదిక్ బాబు ఉరుక్కుంట వచ్చి, 'జనరేటర్ ఎయ్యి ఓదెలన్నా, లోపల మనిషున్నది' అన్నడు. ఏసి వచ్చేటాలకు తలుపు గడియ. లోపల సార్ గొంతు. 'నోరు తెరవద్దు, నోరు తెరవద్దు' అని ఒక్కటే మొత్తుకునుడు. అర్ధగంటకు సాదిక్ బాబును నేనే మోసిన. ఒళ్లు చల్లగున్నది బిడ్డా. జ్వరమట, జ్వరం!"

* * *

ఆదివారం మధ్యాహ్నం నవనీత ప్రొఫెసర్ క్వార్టర్‌కు వెళ్లింది. పిలిచింది ఇందుజ. ప్రొఫెసర్‌గారి ఏకైక కూతురు, నవనీత క్లాస్‌మేట్. తల్లి లేదు. వంటింట్లో పచ్చిపులుసు కలుపుతూ ఇందుజ గలగలా మాట్లాడుతోంది.

"మా నాయనకు పిచ్చి లేసిందే. రోజుకు మూడుసార్లు నా నాడి చూస్తుండు. పొద్దున లేవంగనే, పగటిపూట అన్నానికి ముందు, పండేముందు. డాక్టర్‌కు చూపెట్టు మరి అంటే వద్దంటడు."

"ఎప్పట్నించి?"

"గా చలిగదిల కూసున్న కాన్నుంచి."

ఉల్లిపాయ కోస్తున్న నవనీత తలెత్తింది. "నువ్వు చలిగదిల కూసున్నవా?"

ఇందుజ గొంతు తగ్గించింది. "నాయనకు తెల్వకుండ. సాదిక్ అన్నను నేనే బతిమాలిన. అణువులతోని ఎన్నిసార్లు చేస్తరు, మనిషితోని చేస్తే పేపర్ల నా పేరు కూడ వస్తది కదా అన్న. ముప్పై తొమ్మిది రీడింగులయినయ్, నలభయ్యోదానికి నేను లోపలికి పోయిన. నాలుగు నిమిషాలు. గుండె చప్పుడు బయట పరికరంల టిక్కుమంటే ఒకటి, లేకుంటే సున్న. గంతే."

చలిగది గురించి నవనీతకు సిద్ధాంతంగా తెలుసు. బయటి ప్రపంచపు వేడి, వెలుతురు, చప్పుడు ఏవీ చొరలేని ఉక్కు గది. దానిలో ఒక అణువు విచ్ఛిన్నం అవుతుందా, కాదా అన్నది చూస్తారు. వచ్చిన ఫలితాన్ని రాస్తారు. ఆ తర్వాత దాని జాడలన్నీ తుడిచేస్తారు. కాగితం కాలుస్తారు, కంప్యూటర్ చెరుపుతారు, కళ్లారా చూసినవాడి నెత్తిన ఒక టోపీ పెట్టి చివరి అరగంట జ్ఞాపకాన్ని కూడా తీసేస్తారు. సాక్ష్యం లేని ఫలితం ఫలితమే కాదు, కనక గదిని మళ్లీ తెరిస్తే సున్న ఒకటి కావచ్చు. ముకుందరావుగారు పన్నెండేళ్లు ధారపోసింది దీనికే.

"తర్వాతేమైంది?"

"ఏమైతది? చీకటి. కొంచెం చలి. ఎంతసేపయినా తలుపు తీయలే. తీసినంక చూస్తే నాయన ఏడుస్తుండు. గంటసేపు నా చెయ్యి ఇడవలే. సాదిక్ అన్నేడి అంటే జ్వరమొచ్చి పోయిండన్నడు."

గేటు చప్పుడైంది. ముకుందరావుగారు వచ్చారు. చెప్పులు విప్పకుండానే కూతురి కుడిచెయ్యి అందుకుని, మూడువేళ్లు మణికట్టు మీద ఆనించి, గోడ గడియారం వైపు తలెత్తారు. పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. సరిగ్గా ఒక నిమిషం.

"డెబ్బై రెండు," అన్నారు తనలో తాను. అప్పుడు గానీ నవనీత వైపు చూడలేదు.

"సిరిసిల్ల ఎప్పుడు పోతున్నవ్?"

"రేపు సార్."

"రికార్డు తెచ్చి నా చేతికే ఇయ్యి. తెరిచి చూడకు."

* * *

చూడకన్నాక చూడకుండా ఉండేవాళ్లు ఫిజిక్సు చదవరు.

సిరిసిల్లలో బస్సు దిగితే చాలు, వీధి వీధంతా మగ్గాల మోత. నవనీత తండ్రి రాజమల్లు మరమగ్గాన్ని ఆపి, చేతులు తుడుచుకుని, గూట్లో నుంచి పాత చీర ముక్కలో చుట్టిన రికార్డు తీసి ఇచ్చాడు.

"నువ్వు వెట్టిపోయిన కాన్నుంచి దుమ్ము పడనియ్యలే. గని బిడ్డా, మీ సార్ మొన్న ఫోన్ జేసిండు. నీ పుస్తకం ఇంట్ల ఉన్నదా, ఎవలన్న చూసిన్రా అని అడిగిండు. గంత పెద్దసారు నాకెందుకు ఫోన్ జేస్తడు?"

"ఏమన్నవ్ నాయనా?"

"నాకు సదువు రాదు సార్, నేను చూసినా చూడనట్టే అన్న. మంచిది అని పెట్టేసిండు." రాజమల్లు కాస్త ఆగాడు. "రికార్డులన్నీ కాలవెడుతుండంటివి. ఒక్క పోగు తెగితే ముడేస్తం. బట్ట తానంతా కాలవెట్టేటోడు తెగిన పోగు కోసం కాలవెట్టడు బిడ్డా. పైలం."

నవనీత ఇంటి అరుగు మీద కూర్చుని రికార్డు తెరిచింది. చలిగది ప్రయోగం. తన చేతిరాతే. ముప్పై ఒకటి నుంచి నలభై దాకా వరుసలున్న పేజీ పైన 'తేదీ: మార్చి 14'. ఒకటి, సున్న, సున్న, ఒకటి... చివరి వరుస: '40 – ఖాళీ గది – 0'. పేజీ మధ్యలో గుర్తు కోసం పెట్టిన బస్సు టికెట్టు ఒకటి.

అంతే. దాచవలసింది ఏముంది ఇందులో? ఖాళీ గదిలో గుండె చప్పుడు వినిపించదు, సున్నే వస్తుంది. దీనికోసం మనిషి నెత్తిన టోపీ పెడతారా? ఇంకెవరికీ తెలియకూడదని ఇంటికి ఫోన్ చేస్తారా?

పరీక్షలకు పన్నెండు రోజులుంది. రికార్డు ఇచ్చేసి చదువుకోవచ్చు. కానీ లైబ్రరీలో త్రిశూలం గుర్తు మీద ఆగిన వేలు కళ్లముందు నుంచి పోవటం లేదు. తనకు ఉన్న ఆస్తల్లా ఈ రెండేళ్లలో తలకెక్కిన చదువు. దాన్ని ఎవరైనా అలా కోసేస్తే, మళ్లీ ఈ అరుగు మీద కూర్చున్న ఇంటర్ పిల్ల మాత్రమే మిగులుతుంది.

రికార్డు సంచిలో పెట్టుకుంది. టికెట్టు అలాగే ఉండనిచ్చింది.

* * *

మంగళవారం పదకొండింటికి ల్యాబులో ప్రొఫెసర్ ఒక్కరే ఉన్నారు. ఆమె లోపలికి రాగానే లేచి వెళ్లి గడియ వేశారు.

బల్ల మీద టోపీ ఉంది. లోపలివైపు రెండు రాగి బిళ్లలు, సరిగ్గా రెండు చెవుల పైకి వచ్చేటట్టు. రూపాయంత.

"తెరిచి చూసినవ్," అన్నారాయన. అడగటం కాదు, చెప్పటం.

"చూసిన సార్."

"అయితే నువ్వు కూడా సాక్షివే. కూర్చో నవనీతా. భయపడకు. చివరి అరగంట పోతది, అంతే."

"నేను చూసింది నిన్న సార్. అరగంట సరిపోదు కదా."

ఆయన చూపు తిప్పుకున్నారు. "కొంచెం ఎక్కువ పెట్టాలి."

"సాదిక్ అన్నకు కూడ కొంచెం ఎక్కువనే పెట్టిన్రా?"

ఆయన నెమ్మదిగా, క్లాసులో బోర్డు మీద లెక్క విప్పినట్టు చెప్పుకొచ్చారు.

"ఆరోజు క్లాసు నుంచి వచ్చేసరికి కరెంటు లేదు. ల్యాబులో ఎవరూ లేరు. రికార్డు తెరిచి ఉంది. నలభయ్యో వరుసలో నా బిడ్డ పేరుంది. పక్కన సున్న. పరికరం దగ్గర చెవి పెట్టిన. చప్పుడు లేదు. మూసిన గదిలో మనిషి ఎక్కువసేపు బతకదు అనుకున్న. ఎంతసేపయిందో తెల్వదు." ఆయన చూపు చలిగది తలుపు మీదికి పోయింది. "తలుపు తీస్తే ఆ సున్న నిజమైపోతది. తీయకముందే జాడ తుడిచేస్తే, ఇంకో ఫలితం రావచ్చు. నా సిద్ధాంతం అదే కదా. అప్పుడే సాదిక్ వచ్చిండు. రాసింది వాడు. చూసింది వాడు. పరికరం మళ్లీ కొలవకుండా తీగ పీకేసిన. ఆ తొందరలో టోపీని ఎంతలో పెట్టిన్నో నాకే తెల్వదు. పేజీ కోసి కాల్చిన. తలుపు తీసిన. నా బిడ్డ లేచి కూర్చుంది."

కిటికీలోంచి ఎండ పలక టోపీ మీద పడుతోంది.

"ఆమె చచ్చిపోయి బతికింది నవనీతా. ఎక్కడో ఒకచోట ఆ సున్న మిగిలి ఉంటే, ఏదో ఒక రోజు మళ్లీ అదే నిజమైతది. నాడి చూసే ప్రతిసారీ నాకు అదే భయం. పద్నాలుగు రికార్డులు కాల్చిన, ఏ దాంట్లోనూ నలభయ్యో వరుస లేదు. నీదొక్కటే మిగిలింది."

"మరి మీకు యాదికున్నది కద సార్. మీరు సాక్షి కాదా?"

"నేను కాగితం మాత్రమే చూసిన. కాగితం చూసినోడు సాక్షి కాదు, పరికరం చూసినోడు సాక్షి."

"మీరు పరికరం దగ్గర చెవి పెట్టిన్రు కద సార్. నేను చూసింది మాత్రం కాగితమే!"

ఇరవై తొమ్మిదేళ్లు పాఠం చెప్పిన మనిషి. తండ్రికి మినహాయింపు దొరికేచోట సిద్ధాంతాన్ని ఆపేశారు. ఒక చేత్తో టోపీ అందుకుని, ఇంకో చేత్తో రికార్డు పేజీలు తిప్పారు. నలభయ్యో వరుస దగ్గర వేలు ఆగింది.

"ఖాళీ గది?" అన్నారు. "ఇందుజ పేరుండాలి. నేను నా కళ్లతో చూసిన. నువ్వు మార్చినవా?"

"నేను ఒక్క అక్షరం మార్చను సార్. కాపీ కొట్టేటప్పుడు తప్పులు కూడ దింపుతం. గదే మా పద్ధతి..."

మాట పూర్తికాలేదు. పేజీ మధ్యలోంచి టికెట్టు జారి బల్ల మీద పడింది. నవనీత దాన్ని చూసింది. తర్వాత పేజీ మీది తేదీ చూసింది.

"సార్, టికెట్టు మీది తారీకు చదవండి."

"ఎందుకు?"

"చదవండి సార్!"

"మార్చి పదమూడు."

"పన్నెండో తారీకు సాదిక్ అన్న రికార్డు తీసుకొని కాపీ కొట్టిన. పదమూడున సిరిసిల్ల బస్సెక్కిన. గప్పట్నించి నిన్నటిదాక ఈ పుస్తకం మా ఇంటి గూట్లనే ఉన్నది. మా నాయన చెప్తడు. మరి పద్నాలుగో తారీకు రీడింగులు దీంట్లకు ఎట్ల వచ్చినయ్?"

ఆయన వేలు పేజీ మీది తేదీ దగ్గరికి జరిగింది.

"వండిండు సార్. మీ సాదిక్ కూడ వండిండు. పద్నాలుగున తీయాల్సిన పది రీడింగులు రెండు రోజుల ముందే నింపి పెట్టుకున్నడు. నలభయ్యోది ఖాళీ గదికి. ఖాళీ గదికి ఎట్లయినా సున్ననే కదా అని రాసిండు. పద్నాలుగున ఇందుజ బతిమాలేసరికి 'ఖాళీ గది' చెరిపేసి అక్కడ పేరు రాసి ఉంటడు. సున్న అట్లనే ఉండిపోయింది. కరెంటు లేకుంటే మీ పరికరం టిక్కుమంటదా? సాదిక్ అన్న ఉరికింది జనరేటర్ కోసం. ఓదెలన్నను అడగండి."

ఆయన టోపీ లోపలి రాగి బిళ్లల వైపు చూశారు. "వాడు ఏదో చెప్పబోయిండు. రాగానే 'సార్, ఆ సున్న' అన్నడు. నేను నోరు తెరవద్దన్న. చెప్తే అది ఇంకో సాక్ష్యం అయితదని. వాడు నోరు మూసుకున్నడు. వాడే కూర్చున్నడు కుర్చీల. నేను గురువును కదా."

"ఇందుజ చచ్చిపోలే, బతికిరాలే. మొదట్నుంచి బతికే ఉన్నది. ఎవలు చూసినా, చూడకున్నా. ఆరోజు గదిల జరిగింది క్వాంటం కాదు సార్, క్లాసికల్. మీ యంత్రం ఫలితాన్ని మార్చలే. సాదిక్ అన్ననే మార్చింది."

టోపీ ఆయన చేతిలోంచి బల్ల మీదికి జారింది. నవనీత రికార్డు లాక్కుని, గడియ తీసి, ఎండలోకి పరుగెత్తింది.

* * *

రిజిస్ట్రార్ మేడమ్‌ను, క్యాంపస్ డాక్టరును, ఇందుజను వెంటబెట్టుకుని ఆమె తిరిగి వచ్చేసరికి నలభై నిమిషాలైంది. దారిపొడవునా అదే కథ నాలుగుసార్లు చెప్పింది.

ల్యాబు తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో ఓదెలు నిలబడి ఉన్నాడు.

"నేను వచ్చేటాలకే గిట్ల కూసున్నడు మేడమ్. నువ్వెవరు అని అడుగుతుండు నన్ను. ఇరవై రెండేండ్ల సంది టీ ఇస్తున్న!"

ముకుందరావుగారు సాదిక్ కూర్చున్న కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. టోపీ కింద పడి ఉంది. రెండు చెవుల పైనా ఎర్రగా, తాజాగా, రూపాయి బిళ్లంత గుర్తులు. ముఖం ప్రశాంతంగా, పసిపిల్లాడి ముఖంలా ఉంది.

"ఎవరమ్మా మీరంతా?" అన్నారు.

డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూశాడు. పేరడిగితే తెలియదన్నారు. ఊరడిగితే తెలియదన్నారు. నవనీత బోర్డు మీద సుద్దముక్కతో 'సై' గీసింది.

"ఇదేం గుర్తు సార్?"

ఆయన కాసేపు చూశారు. "త్రిశూలం కదా?"

రిజిస్ట్రార్ మేడమ్ నిట్టూర్చింది. "చేసిన పాపం తట్టుకోలేక తనకు తానే పెట్టుకున్నట్టున్నడు. ఇంక ఏమని విచారిస్తం? గుర్తులేని మనిషిని అడగడానికి ఏముంటది? జ్వరమనే రాద్దాం. ఆ అబ్బాయి సంగతి కూడా..." మిగతాది మింగేసింది.

ఇందుజ వెళ్లి తండ్రి మోకాళ్ల దగ్గర కూర్చుంది. "నాయనా, నేను."

"నువ్వెవరమ్మా?"

ఇందుజ వెక్కివెక్కి ఏడ్చింది. నవనీతకు మాత్రం కళ్లు తడవలేదు. ఆ 'త్రిశూలం' చెవిలో ముల్లులా గుచ్చుకుంటోంది. సాదిక్ అన్న మాటే అది, అక్షరం పొల్లుపోకుండా. లైబ్రరీలో సాదిక్ ఆ మాట తన ఒక్కదానితోనే అన్నాడా? ఇంకా ఎందరితో అని ఉంటాడో. అది ఈయన చెవిన పడకుండా ఉంటుందా? అదీ కాక, సాదిక్ ఎనిమిదేళ్లు పోగొట్టుకున్నాడు గానీ కన్నతల్లిని మరిచిపోలేదు. తన పేరు మరిచిపోలేదు. ఈయన కూతుర్నీ పేరునీ కూడా పోగొట్టుకున్నారా? రావలసిన జవాబు ముందే తెలిసినవాడు అవసరానికి మించి సరిగ్గా రాస్తాడు. వండిన రికార్డు దొరికిపోయేది అక్కడే. ఆ సంగతి ఈ ల్యాబులో అందరికీ నేర్పింది ఈయనే.

ఆ ఎర్ర గుర్తులకు టోపీని క్షణం పెట్టి తీసినా చాలు. కానీ అనుమానం సాక్ష్యం కాదు. ఆమె బోర్డు దగ్గరే నిలబడి, కదలకుండా చూస్తూ ఉండిపోయింది.

ఇందుజ ఏడ్చి ఏడ్చి తల తండ్రి ఒళ్లో పెట్టింది. ఆమె కుడిచెయ్యి ఆయన చేతికి దగ్గరగా ఉంది. గోడ గడియారం పన్నెండున్నర కొట్టింది. భోజనాల వేళ.

ముకుందరావుగారి మూడువేళ్లు మెల్లగా జరిగి కూతురి మణికట్టు మీద ఆగాయి. తల గడియారం వైపు లేచింది. పెదవులు చప్పుడు లేకుండా కదలసాగాయి.

ఐదు వారాల కిందట లేని అలవాటు అది. మార్చి పద్నాలుగున పుట్టిన అలవాటు.

నవనీత నిమిషం పూర్తయ్యేదాకా ఆగింది. మెత్తగా, క్లాసులో సందేహం అడిగినట్టు అడిగింది.

"ఎంతొచ్చింది సార్?"

"డెబ్బై ఎనిమిది," అన్నారాయన.

ఇందుజ ఒళ్లోంచి తలెత్తింది. తండ్రి ముఖంలోకి చూసి, తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది. డాక్టరు లైటు ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. రిజిస్ట్రార్ మేడమ్ ఓదెలు వైపు తిరిగి, "సాదిక్‌ను పిలువు, వాళ్ల అమ్మీని కూడా," అంది. ఆ పసిపిల్లాడి ముఖం మాత్రం ఎవరివైపూ చూడలేదు. గడియారం వైపే చూస్తూ ఉండిపోయింది.

నవనీత సంచిలోంచి రికార్డు తీసి బల్ల మీద పరిచింది. నలభయ్యో వరుస కింద ఒక్క వరుస ఖాళీ మిగిలి ఉంది. దానిలో తేదీ వేసింది, సమయం వేసింది, ఇందుజ పేరు రాసి పక్కన డెబ్బై ఎనిమిది వేసింది. పరిశీలకుడి పేరు దగ్గర ముకుందరావు అని రాసి, సంతకం కోసం కలం ఆయన ముందు పెట్టింది.

ఈసారి రీడింగు తీశాకే రాసింది.